గుడి గోడ మీది నీలం

హలో… ఆఁ, నేనే హెర్మీనియో బావా, బెల్మీరాని. మా ఊరు ఒవార్ నుంచి ఫోన్ చేసి, భోజనం మీంచి నిన్ను లేపేది ఇంకెవరు?

…తింటున్నావా? ఏమిటి వంట? …ఉప్పు చేపా! సరే, పళ్లెం కూడా పట్టుకెళ్లి కంప్యూటర్ ముందు కూర్చో. అక్కతో తర్వాత మాట్లాడతా. ఇక్కడ నా కొంప మునుగుతోంది.

…నీలం బావా, నీలం! ఊదారంగు వస్తోంది. సముద్రం మొత్తం వంకాయలా ఉంది.

…మేరీమాత గుడి గోడ మీది టైల్స్ బొమ్మే, ఇంకేది? గాలివానకి రాలిపోయిన టైల్స్… ఆఁ, పడవ ముక్కూ, దాని కింద అలలూ. కొత్త టైల్స్ కాల్చి ఇచ్చేదాకా నేను ఆ భాగం ప్రింటు తీసి, చెక్క మీద అంటించి అక్కడ బిగిస్తానని మాటిచ్చా కదా.

…రేపే! రేపు పొద్దున మాత పల్లకీ గుడి ముందు నుంచే సముద్రానికి వెళ్తుంది. ఊరు ఊరంతా ఆ గోడకి ఎదురుగా నిలబడుతుంది.

…బాల్తజార్ గారా? ఉత్సవ కమిటీ పెద్దాయన కదా, ఏమంటారు… "అమ్మాయీ, గోడలో కలిసిపోతే పెడదాం. లేదంటే మూడేళ్ల నుంచి ఉన్న ప్లాస్టిక్ పట్టానే ఉంటుంది. మాత ముందు వంకాయ సముద్రం పెట్టను" అన్నారు. జీవితమంతా మందుల షాపు నడిపిన మనిషి. చుక్క తేడా వచ్చినా ఒప్పుకోరు.

…నవ్వకు బావా. ఇది కుదిరితే నా ప్రింటింగ్ షాపుని షాపంటారు. కుదరకపోతే నేను పెళ్లికార్డుల బెల్మీరాగానే ముసలిదాన్నైపోతా.

…ఆఁ, నువ్వు చెప్పినట్టే చేశా. రంగు గళ్ళ కాగితం ప్రింటు తీశా. రంగులు కొలిచే మీటరుతో వరస వరస చదివించా. నీ సాఫ్ట్‌వేర్‌కిచ్చి ప్రొఫైల్, అదే ఈ కాగితం మీద ఏ రంగు ఎంత పోయాలో ఆ లెక్క, చేయించా. …ప్రింటర్ సొంత రంగుల దిద్దుబాటా? ఆపేశా. …ఆపేశానయ్యా, రెండుసార్లు చూశా!

…మీటరు జారడానికి నేను చేసుకున్న గైడుకేం, బంగారం! కంపెనీ రూలరు ఈ పాత మీటరుకి దొరకట్లేదు కదా… విరిగిన కిటికీ షట్టర్ పట్టీలు రెండు తీసి, మధ్యలో మీటరు పట్టేంత సందు వదిలి, కార్క్ అట్ట మీద అంటించా. పట్టాల మీద రైలు పెట్టెలా జారుతుంది. నీ లెక్కలన్నీ ఒకెత్తు, నా పట్టాలు ఒకెత్తు.

…వంకర పోలేదు. …పోలేదంటే! పక్క గళ్ళలోకి పోతే సాఫ్ట్‌వేరే కుయ్యిమని తిడుతుందిగా? ఒక్కసారీ తిట్టలేదు.

…కాగితమూ అదే. చదివించే ముందు బాగా ఆరనిచ్చా కూడా.

…తెల్ల గడి అంకెలా? ఉండు, చూసి చెప్తా… బి అని ఉన్నచోట… ఏడు.

…ఏమైంది? ఎందుకలా అరుస్తావ్? చేపముల్లు గుచ్చుకుందా?

…ఆ అంకె పెరిగితే పసుపనా? అంటే నా కాగితం పచ్చగా ఉందంటావా? ఉప్పు కుప్పలా తెల్లగా ఉంది బావా, నేనే పెట్టె విప్పా!

…సరే, చూస్తా. కోప్పడకు. ఇదిగో, గళ్ళ కాగితం తెచ్చా. పక్కన కొత్త కాగితం పెట్టా…

…అయ్యో.

…అవును. పచ్చగానే ఉంది. బీరువాలో మరిచిపోయిన దుప్పటిలా. ఒక అంచున ఇంకాస్త ముదురుగా, మొనదేలిన మచ్చ…

…ఉండు. ఒక్క నిమిషం ఉండు బావా.

అత్తయ్యా! ఎతెల్వీనా అత్తయ్యా! ఒకసారిలా రండి. ఆరబెట్టిన ఈ కాగితాన్ని మీరేమైనా చేశారా? …ఏం చేశారూ?

…బావా, ఇస్త్రీ చేశారట!

…ఇస్త్రీ. ఇస్త్రీ పెట్టెతో. …అంచులు చుట్టుకుపోయి ఉన్నాయట. "ముడతలున్నది ఏదైనా నా ఇంటి గడప దాటిందా ఎప్పుడైనా" అని నన్నే అడుగుతున్నారు. …అవును, పైన గుడ్డ వేసే చేశారట, పాపం.

…నవ్వు, నవ్వు. నీకేం! ఈ ఇంట్లో ఇస్త్రీ కానిదేముంది? గిన్నెలు తుడిచే గుడ్డకి ఇస్త్రీ, మామయ్య మేజోళ్లకి ఇస్త్రీ. అయినా మీ అమ్మగారు మాత్రం తక్కువా? నీ చెడ్డీలకి మడత మీద మడత పెట్టి చేస్తారని అక్క చెప్పింది… హహ! సరే సరే, ఆ ఊసెత్తను.

మిమ్మల్ని కాదు అత్తయ్యా, బావని అంటున్నా!

…ఆఁ, చెప్పు. వేడికి కాగితం పచ్చబడింది… మీటరు ఈ కాగితం రంగే ఇంత అనుకుంది… ఆ పసుపుని చంపడానికి సాఫ్ట్‌వేర్ నీలానికి తోడు ఎరుపు కూడా కుమ్మరించింది. అదీ వంకాయ!

…మళ్లీ గళ్ళు ప్రింటు తీసి, మళ్లీ ఆరబెట్టి… రేపటిలోగా అవదు బావా. అయిపోయింది. …లేదు, ఏడవట్లేదు.

…గళ్ళ కాగితం రెండో కాపీనా? అవునవును, ఎప్పుడూ రెండు తీయమంటావుగా, తీశా. ఎక్కడ పెట్టా… అత్తయ్యా! దాన్నీ ఇస్త్రీ చేశారా? …నిజం చెప్పండి. …మాత మీద ఒట్టా?

…చెయ్యలేదట బావా! మొదటిది అవగానే ప్రార్థన గంట కొట్టారట, గుడికి వెళ్లిపోయారట. …బీరువా పైన, అట్టల మధ్యలో ఉంది. తీశా. తెల్లగా… అంచులు చుట్టుకుని… ఇంత అందమైన ముడతలు నా జన్మలో చూడలేదు!

…స్పీకర్లో పెట్టా, నువ్వు తిను. అత్తయ్యా, ఈ మూల మీరు నొక్కి పట్టండి. ఒట్టి చేత్తోనండీ, దేంతోనూ వద్దు!

మొదటి వరస… టిక్. విన్నావా?

రెండోది… టిక్. …మెల్లగానే లాగుతున్నా.

…అత్తయ్యా, ఊపిరి పీల్చుకోవచ్చు. మనిషి నీలంగా అయిపోతున్నారు బావా. సరిగ్గా ఈ రంగే కావాలి నాకు!

…ఆఁ, విన్నా. కుయ్యిమంది. వరస తప్పింది. …ఏం లేదు, అత్తయ్య తుమ్మారు. మళ్లీ లాగుతున్నా… టిక్.

…

…ఆఖరిది… టిక్! ఇప్పుడు కంప్యూటర్లో ఆ నల్ల కిటికీలో ఏం కొట్టాలి? …నోట్లో చేప తీసి చెప్పు. …ఆఁ, కొట్టా. …లెక్క కడుతోంది.

…వచ్చింది! తెల్ల గడి పక్కన బి… దాదాపు సున్నా. సగటు తేడా ఒకటి కంటే తక్కువ. బాగుందిగా?

…ఇస్త్రీ కాగితానికా? ఉండు, చూస్తా… దానికీ ఒకటి కంటే తక్కువే చూపించింది బావా! మరి ఈ అంకెకి అర్థమేమిటి?

…ఓహో. ఏ కాగితం చదివిందో ఆ కాగితంతోనే పోల్చుకుంటుందా. తన పరీక్ష తనే దిద్దుకున్నట్టు. అంటే గోడనే అడగాలన్నమాట.

…ఆఁ, బొమ్మలోంచి ఒక్క టైలంత ముక్క ప్రింటు. తీస్తున్నా… వస్తోంది… బావా, ఇది… లేదు, షాపు దీపం కింద నేనేమీ అనను. ఎండలో చూడాలి. …ఆరబెడుతున్నాం. అత్తయ్య పేపరుతో విసురుతున్నారు. వేడిగాలి పెట్టనిస్తానా ఇంక!

…అత్తయ్యా నేనూ రోడ్డు దాటుతున్నాం. బాల్తజార్ గారు గుడి మెట్ల మీదే ఉన్నారు, కాఫీ కప్పుతో. ఫోన్ పెట్టకు బావా. నాకు ధైర్యంగా ఉంటుంది.

నమస్కారం బాల్తజార్ గారూ… ఆఁ, మళ్లీ నేనే. …వంకాయ కాదండీ ఈసారి. ఆ పట్టా మూల కాస్త ఎత్తి పడతారా? …ఇంకొంచెం. చాలు.

…అంటించా బావా. పక్క టైలుకి ఆనించి, టేపుతో. ఆయన కళ్లద్దాలు తీశారు. తుడిచారు. పెట్టుకున్నారు.

…పట్టా మూల అత్తయ్య చేతికిచ్చి రోడ్డు అవతలికి పోతున్నారు. దూరం నుంచి చూస్తారట. …బస్సు అడ్డమొచ్చింది. …ఇంకా కదలదే!

…నేనా? నేనేం చూడట్లేదు, కళ్లు మూసుకున్నా. …సరే, తెరుస్తా.

…బావా.

…ఏం లేదు. అల టైల్లోంచి కాగితంలోకి నడిచొచ్చేసింది. తెలుపు కూడా… ఆ పాత పాల తెలుపే. అతుకు గీత తప్ప ఇంకేమీ లేదు. …నువ్వుంటే చూపించేదాన్ని. అక్క నిన్ను కట్టుకున్నది ఈ ఒక్క రోజు కోసమే అనుకో!

…ష్! తిరిగొస్తున్నారు.

…చెప్పండి బాల్తజార్ గారూ. …ఏమిటండీ? …కత్తెరా?

…బావా, కత్తెర అడుగుతున్నారు. నా ముక్కని అక్కడే కోసి పారేస్తారేమో… ఇచ్చా. అత్తయ్య జేబులో ఉంది, ఇచ్చా…

…కాదు! కాదు బావా! పట్టా తాళ్లు కోస్తున్నారు! ఒకటి… ఇంకోటి… కత్తెర పడేసి చేతుల్తోనే లాగేస్తున్నారు! తప్పుకోండి అత్తయ్యా, దుమ్ము! పట్టా మొత్తం మా మీదే పడింది!

…లేదు, ఒక్క మంచి మాట అనలేదు. "మిగతాది ఎప్పుడు తెస్తావ్? రోడ్డు మీద నిలబడి ఫోన్లో కబుర్లేంటి?" అంటున్నారు. …ఆఁ, ఇప్పుడు ఏడుస్తున్నా. బాగానే ఏడుస్తున్నా.

వస్తున్నానండీ! అరక్షణం!

…బావా, రేపు అక్కనీ పిల్లల్నీ వేసుకుని పొద్దున్నే వచ్చెయ్. పల్లకీ వెనకాల పోకు, గోడకి ఎదురుగా నిలబడి ఆ టైల్స్‌లో నా కాగితాలు ఏవో వెతుక్కో. కనిపెట్టావనుకో, నాకు మాత్రం చెప్పకు. పెట్టేస్తున్నా—