రెండో సూది ఖాళీ బట్టీకా?

ఏమ్మా, పాపాయికి టీకా వేయించుకొచ్చావా? ఏడిస్తే ఏడవనీలే, కాసేపే. నీకు మా వదిన సంగతి ఎప్పుడైనా చెప్పానా? మీ తాతకి అక్క. నువ్వు పుట్టకముందే పోయింది. ఏం గొంతమ్మా అది! ఆవిడ కేకేస్తే ఇటుకల బట్టీలో కుక్కలు కూడా ఏదో పనున్నట్టు లేచి నిలబడేవి. మేమంతా అక్కడే కదా. ఎండలున్నన్నాళ్ళూ ఇటుకలు చేయడం, వానలు పడగానే మూటలు కట్టుకుని తలో ఊరూ పోవడం. ఒక ఏడు మాయదారి జ్వరం వచ్చి బట్టీలో చాలామందిని ఎత్తుకుపోయింది. మా వదిన కొడుకుని కూడా. పెళ్ళీడుకొచ్చిన పిల్లాడు.

మరుసటేడు ఆ జ్వరం రాకుండా టీకా మందు వచ్చిందన్నారు. అదేం విచిత్రమో, ఒకే జబ్బుకి రెండు రకాలు! ఒకటి ఒక్క సూదితో సరి. ఇంకోటి ఒకసారి పొడిచి, మళ్ళీ కొన్నాళ్ళకి పొడవాలి. ఒక్క సూదిది పట్నంలో పెద్ద వీధులకి, రెండు సూదులది బట్టీకి అని పైవాళ్ళు పంచేశారట. నాకప్పటికి అక్షరమ్ముక్క రాదు, ఏదో ఒకటి ఇస్తున్నారు కదా అనుకున్నా. వదిన ఊరుకుంటేనా! "వానలు రాగానే మనం పోతాం కదే. రెండో సూది ఎవరికేస్తారు, ఖాళీ బట్టీకా?" అంది. తెల్లారి పని ఆపించి మమ్మల్నందర్నీ పట్నంలో సూదులేసే హాలుకి తోలుకెళ్ళింది.

డాక్టరమ్మ మంచిదే పాపం. "మీ మందు మీ దగ్గరికే వస్తుంది కదమ్మా, అదీ మంచిదే" అంది. "కాదన్నానా తల్లీ? వానల్లో మేమెక్కడుంటామో మాకే తెలీదు, నీ రెండో సూదికేం తెలుస్తుంది?" అంది వదిన. అక్కడెవరో "లైన్లో నిలబడండి!" అని కసిరాడు. నిలబడ్డాం. మాకు లైనంటే ఏంటి? ఇటుకలు ఒకరి చేతి నుంచి ఒకరికి అందించుకుంటూ పక్కపక్కన నిలబడతామే, అదీ! గుమ్మానికి అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. ఈగ దూరే సందు లేదు. "ఇదేం లైను?" అని వాడు మొత్తుకుంటే, "వంకరుంటే చెప్పు నాయనా, సరిచేస్తాం" అంటుంది మా వదిన. నవ్వాగదే మాకు!

సూదికొచ్చిన పెద్దాయన ఒకాయన, చేతికర్రతో, లోపలికి రాలేక ఆగిపోయాడు. "ఏంటమ్మా గొడవ?" అన్నాడు. వదిన చెప్పింది, కొడుకు సంగతితో సహా. ఆవిడ గొంతు తగ్గించడం నేనప్పుడే చూశా. ఆయన, "డాక్టరమ్మా, నా ఇల్లు ఈ పక్కనే. పైకి తప్ప ఇంకెక్కడికీ పోను. రెండు సూదులది నాకెయ్యి, నాది ఈవిడకియ్యి" అన్నాడు. ఆయన వెనక ఒక టీచరమ్మ "నాకూ అంతే" అంది. ఆ వెనక ఇంకొకరు. చివరికి ఆ కసిరినవాడు కూడా తల గోక్కుంటూ, "సరే, నేనూ ఊళ్ళోనే ఉంటాగా" అన్నాడు! డాక్టరమ్మ ఎవరెవరికో ఫోన్లు చేసి, నవ్వుతూ బయటికొచ్చి, "రండి తల్లుల్లారా, ఈసారి ఒకరి వెనక ఒకరు!" అంది.

బట్టీ మొత్తానికి ఒక్క సూదిదే! ఆ వానల్లో జ్వరం మళ్ళీ వచ్చింది, మేం పోయిన ఊళ్ళన్నిట్లోనూ. ఎవరున్నారో ఎవరు పోయారో అని నాకు ఒకటే దడ. ఎండలు కాసి తిరిగి వచ్చేసరికి వదిన బట్టీ గేటు దగ్గర నిలబడుంది. వచ్చినవాళ్ళని వచ్చినట్టు గడ్డం పట్టుకుని చూస్తోంది. పొద్దువాలేసరికి, "అందరూ వచ్చారే! ఒక్కరు తగ్గలేదే!" అని అరిచింది చూడు, ఊరంతా ఉలిక్కిపడుంటుంది. మేమంతా ఈలలు, కేకలు! మమ్మల్ని లోపలికి పంపి, ఆవిడ మాత్రం గేటు వేయలేదమ్మా. ఇంకా ఒకడు రావాలన్నట్టు రోడ్డు వైపే చూస్తూ...

ఆ కిటికీ మూయవే, జల్లు లోపలికి కొడుతోంది.