చివరి పదహారు పేజీలు

మా బైండింగ్ షాపులో కాగితాలు కోసేది నేను, కోతలు కోసేది జిగురుగాడు. అట్టలకు జిగురు పూస్తాడు కాబట్టి ఆ పేరొచ్చింది. ఎదురుగా అత్త టీ కొట్టులో కూర్చుంటే బెంచీకి అతుక్కుపోతాడు కాబట్టి ఖాయమైపోయింది.

ఆ శనివారం సాయంత్రం వాడు అతుక్కుపోవడానికి వేరే కారణం ఉంది. లైబ్రరీ అమ్మాయి వచ్చింది. నెలకోసారి చిరిగిన నవలల మూట తెస్తుంది, బాగుచేసినవి పట్టుకెళ్తుంది. రెండేళ్ళుగా వాళ్ళిద్దరికీ మంచి స్నేహం, టీ తాగినంతసేపూ ఏదో ఒక పుస్తకం మీద పోట్లాడుకుంటారు. సోమవారం ఆమె వేరే ఊరి లైబ్రరీలో చేరుతోంది, ఇదే ఆఖరి మూట. అట్టలు ఆరడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో వాడు ఆమెతో చెప్పాల్సిన మాట ఒకటుంది. అదేమిటో నాకు తెలుసు, అత్తకి తెలుసు, పొయ్యి మీది గిన్నెకి కూడా తెలిసే ఉంటుంది. పొద్దున్నుంచీ నా దగ్గర పదిసార్లు చెప్పి చూసుకున్నాడు కూడా. తీరా ఆమె వచ్చి ఒళ్ళో సంచీ పెట్టుకుని ఎదురు బెంచీ మీద కూర్చునేసరికి, ఆ మాట మింగేసి కథ ఎత్తుకున్నాడు.

"నేనేదో గొప్పవాణ్ణని చెప్పట్లేదత్తా. నా కుట్టు ఊడదు, అంతే. ఏదో హస్తవాసి. పోయినేడాది ఈ అమ్మాయే ఒక నవల తెచ్చింది, కాలేజీ పిల్లలు ఎగబడి చదివే రకం. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, చిన్నప్పటి నుంచీ స్నేహితులు, పొద్దున లేస్తే తగువు. వాళ్ళది ప్రేమని క్లాసుకంతా తెలుసు, గేటు దగ్గర వాచ్‌మన్‌కి తెలుసు, వాళ్ళిద్దరికే తెలీదు. సరే, మూడొందల పేజీలు నవ్వించి నవ్వించి, ఆఖరికి ఆ అబ్బాయి బస్టాండులో ఆమెతో ఏదో చెప్పడానికి నోరు తెరుస్తాడు... అక్కడితో పుస్తకం లేదు. ఆఖరి ఫారం, అంటే చివరి పదహారు పేజీలు, ఎవడో లాక్కుపోయాడు. ఇంకో కాపీ ఎక్కడా దొరకదు. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా?"

"జిగురు పూశావు," అంది అత్త.

"రాశానత్తా. నేనే రాశాను. మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు పదహారు పేజీలూ పూర్తి. అచ్చు అక్షరాల్లాగే, తేడా తెలీకుండా. ఇదిగో వీడే సాక్షి, కాగితం కోసిచ్చింది వీడే."

కాగితం కోసిచ్చిన మాట నిజమే కాబట్టి తల ఊపాను. మిగతాది నేను చూడలేదు. లైబ్రరీ అమ్మాయి గ్లాసు పక్కన పెట్టి, చెప్పు వింటున్నా అన్నట్టు చెంపకి చెయ్యి ఆనించుకుంది. దాంతో వాడికి ఊపొచ్చింది.

"మొదట ఒక కాలేజీ పిల్ల తీసుకెళ్ళింది. బస్సులో చదువుతూ నవ్వుతోంది. ఏంటమ్మా అంత నవ్వు అని కండక్టరు వంగి చూశాడు, టిక్కెట్లు కొట్టడం మర్చిపోయి వాడూ మొదలెట్టాడు. వెనకాలవాళ్ళకి వినపడట్లేదంటే పైకి చదివాడు. డ్రైవరు బస్సు పక్కకి ఆపి, ఇంజను కట్టేసి, వెనక్కి తిరిగి కూర్చున్నాడు. ఆఖరి స్టాపు వచ్చేసరికి ఆ బస్సులో నాలుగు జంటలు కుదిరాయి. డ్రైవరు కూడా ఒకడు. ఆగత్తా, ఇది మొదలే. మర్నాడు పొద్దున లైబ్రరీ ముందు క్యూ. గేటు దాటి, పోస్టాఫీసు దాటి, బట్టల మిల్లు గోడ చుట్టూ తిరిగి మళ్ళీ గేటు దగ్గరికే వచ్చింది, ఎవరు ముందో ఎవరు ఆఖరో తెలీకుండా పోయింది. మరి అంతసేపు నిలబడాలంటే కాలక్షేపం ఉండాలి కదా, ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి మాట కలిపారు. సాయంత్రానికి కౌంటరు దగ్గరికొచ్చినవాళ్ళు, మాకు పుస్తకం అక్కర్లేదండీ, పని అయిపోయింది అని జంటలు జంటలుగా వెళ్ళిపోయారు."

"చదవకుండానే?" అన్నాను.

"నా కుట్టు చూస్తే చాలురా. తర్వాత ఏమైందో అడగవేం? విడాకుల కోర్టు జడ్జిగారు పుస్తకం తెప్పించుకున్నారు. బల్ల మీద పెట్టుకుని, గొంతు సవరించుకుని, నా పదహారు పేజీలూ చదివారు. చదవడం అయ్యేసరికి బోనుకి అటున్నవాళ్ళు ఇటొచ్చేశారు. కేసులన్నీ వెనక్కి. పనిలేక ప్లీడర్లు ఆరుగురు మన షాపుకొచ్చి నెలరోజులు అట్టలు అతికించారు. ఇక పెళ్ళిళ్ళంటావా, ఒకే రోజు నూట పన్నెండు. ఊళ్ళో హాళ్ళు చాలక బడిగదుల్లో చేశారు, గదికి రెండు చొప్పున. పూలు చాలకపోతే రంగు కాగితాలతో దండలు మనమే చేసిచ్చాం. వీణ్ణే అడుగు, వీడి కత్తి మొద్దుబారింది."

"ఆ కత్తి కొన్నప్పుడే మొద్దు," అన్నాను.

"నవల రాసినావిడ పరుగెత్తుకొచ్చింది. అసలు ముగింపు నా దగ్గరుంది నాయనా, చూసుకో అంది. నాది చదివింది, తనది ముక్కలు ముక్కలుగా చింపి మన చెత్తబుట్టలో వేసి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఇంతకంటే ఏం కావాలి? గడియారస్తంభం ఉందా, దానికి నాలుగు ముఖాలు, కట్టినప్పటి నుంచీ ఏ రెండూ ఒకే టైము చూపించి ఎరగవు. ఆ రోజు దాని కింద నిలబడి ఎవరో చివరి పేజీ చదువుతుంటే నాలుగూ కలిసి ఒక్కసారే ఆరు కొట్టాయి. ఇప్పటిదాకా సెకను తేడా లేదు."

అత్త తలెత్తి సందు చివరనున్న గడియారస్తంభం వైపు చూసింది. అది ఈ పక్క మూడున్నర, ఆ పక్క పావుతక్కువ తొమ్మిది చూపిస్తోంది. వాడు అటు చూడలేదు. ఇటు లైబ్రరీ అమ్మాయి వైపూ చూడటం లేదు. అరగంట అయిపోవచ్చింది, నాకు కోపం వస్తోంది. ఊరందరి ప్రేమలూ కలిపినవాడు తనకి కావలసిన ఒక్క మాటా అనకుండా ఆమెని పంపించేసేలా ఉన్నాడు.

"అయిందా?" అంది ఆమె.

"ఆ... అయింది. మూట కట్టమంటావా?"

ఆమె సంచీలో చెయ్యి పెట్టి ఒక నవల తీసి బల్ల మీద పెట్టింది. ఎర్ర అట్ట, వీడి బైండింగే. వాడి మొహంలో రంగు దిగిపోయింది.

"ఆ పుస్తకం ఎవరూ చదవలేదు," అంది నెమ్మదిగా. "బస్సులో పిల్లా చదవలేదు, జడ్జిగారూ చదవలేదు. నువ్విచ్చిన రోజే నా పేరు మీద రాసుకున్నాను, పధ్నాలుగు నెలలుగా నా దగ్గరే ఉంది. చివర పదహారు పేజీలూ తెల్లవే."

అత్త పకపకా నవ్వింది. నేనూ నవ్వేవాణ్ణే గానీ, వాడు చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక జిగురు అంటిన గోళ్ళు చూసుకుంటున్నాడు. పేజీలు పోయిన పుస్తకానికి అన్నే తెల్లకాగితాలు కలిపి కుట్టడం మా పనిలో మామూలే. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

"ఆఖరి కాగితం మీద మాత్రం పెన్సిల్‌తో రెండు మాటలున్నాయి," అంటూ ఆమె తెరిచి చదివింది. "'ఈ అబ్బాయి ఆమెకి చెప్పాడో లేదో తెలీదు. నేనైతే చెప్పలేకపోతున్నాను.'"

అత్త గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"దాని కింద నేను జవాబు రాశాను. చిరిగితే తిరిగి నీ దగ్గరికే వస్తుంది కదా, అప్పుడు చూస్తావనుకున్నాను. చిరగని పుస్తకం మూటలో పెట్టడానికి మా రూల్సు ఒప్పుకోవు. అందుకని రోజూ విప్పి చూశాను, వెనక్కి మడిచాను, అట్ట పట్టుకుని ఊపాను. పధ్నాలుగు నెలల్లో ఒక్క దారం కదల్లేదు. నువ్వు చెప్పిన కథంతట్లో నిజం అదొక్కటే, నీ కుట్టు ఊడదు. చివరికి నిన్న బ్లేడు పెట్టి నేనే కోశాను. ఉద్యోగంలో చేరాక పుస్తకం చింపడం ఇదే మొదలు."

వాడు పుస్తకం అందుకున్నాడు. దాని వీపు, కుట్టు ఉండే వైపు, నిలువునా తెగి ఉంది. నేను మెడ చాచి చూశాను. పెన్సిల్ రాత కింద నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో, 'చెప్పి చూడవచ్చుగా' అని ఉంది. వాడు దాన్ని మూడుసార్లు చదివి ఉంటాడు, పెదవులు కదిలాయి.

"నూట పన్నెండు పెళ్ళిళ్ళు చేశానన్నావు. ఇంకొకటి నీ వల్ల అవుతుందా?" అంది ఆమె.

వాడు నోరు తెరిచాడు. ఇక బస్సులూ, ప్లీడర్లూ, గడియారాలూ మళ్ళీ బయల్దేరతాయేమోనని నేను హడలిపోయాను.

"అవుతుంది," అన్నాడు.

అంతే. ఒక్క కొసరు కూడా లేకుండా మాట అనడం వాడికి వచ్చని ఆ రోజే నాకు తెలిసింది. నా కళ్ళు చెమర్చాయి, పొయ్యి పొగ అని చెప్పుకోవాల్సిన పనేం లేదు, సంతోషమే. అత్త ఎవరూ అడక్కుండానే నాలుగు గ్లాసులు కడిగి మళ్ళీ టీ పోసింది. వాడు చొక్కా జేబులోంచి సూది తీసి, అలవాటు కొద్దీ అప్పుడే దారం ఎక్కించబోయాడు.

"ఈసారి కొంచెం వదులుగా కుట్టు," అంది ఆమె. "అక్కణ్ణుంచి నేను రావాలంటే, ఇది నెలకోసారైనా చిరగాలిగా."