రెండో నకలు

పాపకు తను అక్కర్లేకుండా పోతుందేమోనన్నదే ఆమె భయం. పరిశోధనశాల గాజు ఇంట్లో మొక్కలకు నీళ్లు పెట్టే ఆ పిల్లతల్లి, ఆ పూట రెండు ట్రేల మొక్కలు కలిపేసి మేడమ్ ముందు తలొంచుకుని నిలబడింది.

“రెండూ ఒక్కలాగే ఉన్నాయని ఒకేచోట సర్దేశానండి.”

“ఒక్కలాగే ఉంటాయే పిల్లా! ఈ మొక్కలో ఒక జన్యువుకు రెండు నకళ్లుంటాయి. వాటిలో ఒక ట్రేలోవాటికి ఒక నకలు తీసేశాం.”

“తీసేసినా ఇంత పచ్చగా ఉన్నాయా?”

“రెండోది ఆ పని చేసేస్తోందిగా.”

“అంటే పోయినదాని లోటు మొక్కకు తెలియనే లేదన్నమాట.”

“ఇప్పటికైతే అంతే. ఏమిటే, ముఖం అలా వేలాడేశావ్?”

“నేనీ పనిలో చేరినప్పట్నుంచీ పాపను మా తోడికోడలు చూసుకుంటోందండి. నిన్న నేనెత్తుకుంటే గుక్కపట్టి ఏడ్చి, ఆవిడ భుజమ్మీదికి దూకేసింది. అక్కర్లేని నకలు చివరికి ఏమవుతుందండి?”

“అది పాడైనా మొక్క బతికేస్తుంది కాబట్టి, ప్రకృతి దానికి కాపలా కాయదు. మెల్లమెల్లగా చెడిపోతుంది. ఎప్పుడో ఒకటి మాత్రం వేరే పని నేర్చుకుని నిలబడుతుంది.”

“చెడిపోవడానికి ఎన్నాళ్లు పడుతుంది?”

“లక్షల ఏళ్లు.”

“మా ఇంట్లో నాలుగు నెలలే పట్టిందండి.”

మేడమ్ నవ్వబోయి ఆగిపోయింది.

“ట్రేల సంగతి రేపు చూద్దాంలే. ముందు నువ్వు ఇంటికెళ్లు.”

“ఆ చివరి వరసకు నీళ్లు పెట్టేసి వెళ్తానండి.”

ఆ వరసకు పొద్దున్నే తనే నీళ్లు పెట్టేసింది. అటుగా వెళ్లేవాళ్లెవరైనా, ఆమె ఇంటికి బయల్దేరిందో లేదో ఒక్కసారి తొంగిచూడండి.