కూలింగ్ టవర్ తలుపుకు తాళం వేసిన సంగతి

తేదీ 15-12-2007, శనివారం. ఉదయం 11 గంటల 10 నిమిషాలు. పోలీస్ స్టేషన్ వరండాలో బల్ల మీద కూర్చొని నేను చెబుతుండగా రైటర్ గారు రాసినది.

నా పేరు కురుమూర్తి. తండ్రి వెంకటయ్య, చనిపోయాడు. నా వయసు యాభై రెండు అని రాసుకోండి, ఒకటి అటూ ఇటూ ఉంటుంది. ఉండేది గోపాల్‌పేట మండలం నాగులకుంట. మూతపడిన కరెంటు ఫ్యాక్టరీకి వాచ్‌మన్‌ని. అంతకుముందు అదే ఫ్యాక్టరీలో హెల్పర్‌ని. అంతకుముందు అదే జాగాలో రైతును. నాకు చదువు రాదు. నన్ను ఎవరూ పిలిపించలేదు, నేనే బస్సెక్కి వచ్చాను.

చనిపోయిన జంగయ్య నా చెల్లెలు బాలనాగమ్మ భర్త, నాకు బావ. ఇత్తడి సామాను దొంగిలించడానికి టవర్‌లో దూరి, పడి చచ్చాడని గురువారం నాడు ఇక్కడ కాగితం రాశారట. ఆ మాట కంపెనీవాళ్లు చెప్పారు, మీరు రాశారు. తాళంచెవి మొలతాడుకు కట్టుకొని తిరిగే నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. జంగయ్య దొంగ కాదు. తలుపు తీసింది నేను. వేసింది కూడా నేను.

ఆ ఫ్యాక్టరీ 2000లో మొదలైంది. వరి ఊక, వేరుశనగ పొట్టు కాల్చి కరెంటు తీసేవారు. గద్వాల మిల్లుల నుంచి పొట్టు లారీలు వచ్చేవి. 2004 ఆగస్టులో మూసేశారు. ఎందుకు మూశారో చెప్పలేదు. మూస్తున్నామని కూడా చెప్పలేదు. పొద్దున డ్యూటీకి వెళ్తే గేటుకు గొలుసు ఉంది, అంతే. ఫ్యాక్టరీ వెనక రెండు కూలింగ్ టవర్లు ఉన్నాయి. నా రెండెకరాల పల్లీ చేను వాటి కిందే ఉంది. కాగిన నీళ్లు పైనుంచి చెక్కల మీదుగా చినుకుల్లా రాలి, ఫ్యాన్ గాలికి చల్లబడి కింద తొట్టిలో పడాలి. దాని పని అదే. ఒక్కొక్కటి నలభై అడుగుల పైమాట. లోపల అంతా కర్ర దూలాలు, పలకలు, పలకల నిండా పాచి.

జంగయ్య ఆ టవర్లకు ఫిట్టర్. నేను కింద ఫ్యాన్ స్విచ్ దగ్గర ఉండేవాణ్ణి. మాకు రెండు పద్ధతులుండేవి, రెండూ జంగయ్య పెట్టినవే. లోపలికి పోయేవాడు ఎంతవాడైనా తలుపు ముందున్న రాయి మీద చెప్పులు విప్పి పోవాలి, పాచి మీద చెప్పు నిలవదు. ఫ్యాన్ వేసేముందు నేను ఆ రాయి చూసేవాణ్ణి. చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు. రెండోది, లోపలివాడికి ఆపద వస్తే ఇనుప పైపు మీద మూడు దెబ్బలు కొట్టాలి. కాస్త ఆగి మళ్లీ మూడు కొట్టాలి. అది వినబడగానే నేను ఫ్యాన్ ఆపాలి.

మూతపడ్డాక దొంగలు చెక్కలు పీకుతున్నారని కంపెనీవాళ్లు టవర్ల చుట్టూ రేకులు కొట్టించారు. ఒక్కో టవర్‌కు ఒక్క తలుపే మిగిలింది. జంగయ్య పూణెకు బిల్డింగు పనికి పోయాడు. నిరుడు తిరిగొచ్చాడు. ఈ ఏడు అయ్యప్ప మాల వేశాడు. గోపాల్‌పేటలో తోటి స్వాములతో పీఠంలోనే ఉంటున్నాడు, అక్కడే పడుకుంటున్నాడు. మాల వేసిన రోజు నుంచి నేను బావా అనడం మాని స్వామీ అంటున్నాను.

డిసెంబరు 11, మంగళవారం, ఉదయం 10 గంటలకు హైదరాబాదు నుంచి కంపెనీ జీపు వచ్చింది. శ్రీనాథ్ సారు, జగదీశ్ సారు దిగారు. టవర్లు విప్పి అమ్ముతారట, లోపల ఏ చెక్క గట్టిగా ఉంది, ఏది పుచ్చింది చూడాలట. లోపలి దారి తెలిసిన మనిషి కావాలని ముందురోజే చెప్పారు. జంగయ్య కంటే తెలిసినవాడు లేడు. నేనే పీఠానికి వెళ్లి పిలిచాను. పన్నెండింటికి స్వాములకు భిక్ష ఉంటుంది, ఆలోపు తిరిగి పంపిస్తానంటే వస్తానన్నాడు. వాళ్లు ఆయనకు ఏమీ ఇస్తామనలేదు, ఆయనా అడగలేదు. పాత టవర్ మళ్లీ చూడొచ్చని వచ్చాడు. ఆయనకు దాని మీద అంత పిచ్చి.

మొదటి టవర్‌లోకి నలుగురం వెళ్లాం. జంగయ్య తలుపు దగ్గర, "సార్, బూట్లిప్పుండ్రి. పాచి మీద బూటు నిలవది" అన్నాడు. శ్రీనాథ్ సారు నవ్వి, "ఇదేమైనా గుడా స్వామీ?" అన్నాడు. "గుడి గాదు సార్. గుళ్లె జారిపడితె దేవుడన్న చూస్తడు, ఈడ ఎవడు చూస్తడు?" అన్నాడు జంగయ్య. ఇద్దరూ విప్పారు. లోపల పావురాలు లేచి రెక్కలు కొట్టుకున్నాయి. పై పలకల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా పడుతోంది. తొట్టిలో మోకాలి లోతు వాన నీళ్లు, మీద ఆకుపచ్చటి తెట్టు. జంగయ్య ఒక్కో దూలాన్ని పిడికిలితో కొట్టి, చెవి పెట్టి వింటూ ఎక్కాడు. "ఇది పదేండ్లు బతుకుతది సార్. ఇది సచ్చింది, కాలు పెట్టకుండ్రి" అని చెబుతుంటే జగదీశ్ సారు ఫోటోలు తీశాడు. గంట సేపు చూశాం. ఆ గంట నాకు కూడా బాగుండింది. అది కూడా రాయండి.

11 గంటల 35 నిమిషాలకు రెండో టవర్ తలుపు తీశాను. శ్రీనాథ్ సారు నన్ను టీ తెమ్మన్నాడు. రోడ్డు మీది ఫకీర్ హోటల్‌కు వెళ్లాను. ఫకీర్ ఉన్నాడు, పాలు కాగే దాకా కూర్చోమన్నాడు. ఆయన్ని అడగండి. తిరిగి వచ్చేసరికి 12 గంటల 10 నిమిషాలు. సార్లిద్దరూ జీపు దగ్గర బూట్లు వేసుకుంటున్నారు. "స్వామి ఏడి సార్?" అని అడిగాను. శ్రీనాథ్ సారు ఫోన్ మాట్లాడుతూనే, "భిక్షకు టైమైందన్నారుగా, వెళ్లిపోయుంటారు" అన్నాడు. చూశానని అనలేదు. వెళ్లిపోయుంటారు అన్నాడు. టీ తాగారు, జీపెక్కారు, పోయారు.

నేను తలుపు దగ్గరికి వెళ్లాను. రాయి చూశాను. రాయి మీద చెప్పులు లేవు. తాళం వేశాను. అప్పుడు 12 గంటల 20 నిమిషాలు. లోపలికి తొంగి చూడలేదు. స్వామీ అని ఒక్క కేక వేయలేదు. రాయి చూశాను, చెప్పులు లేవు, తాళం వేశాను.

మాల వేసినవాడికి చెప్పులెక్కడివి? నలభై రోజులు ఉత్త కాళ్లతో తిరుగుతాడని నాకు తెలియదా? పొద్దున నా పక్కనే రాళ్ల దారిలో ఉత్త కాళ్లతో నడిచి వచ్చాడు, నేను చూస్తూనే ఉన్నాను. అది నాకు గురువారం దాకా తట్టలేదు.

డిసెంబరు 12, బుధవారం. నా రూము టవర్లకు అరవై అడుగుల దూరంలో ఉంది. మధ్యాహ్నం 1 గంటకు అన్నం తింటున్నాను. జొన్న రొట్టె, పుంటికూర. నా భార్య పెంటమ్మ వడ్డిస్తోంది. టవర్ వైపు నుంచి చప్పుడు వచ్చింది. మూడు దెబ్బలు. కాస్త ఆగి మళ్లీ మూడు. నేను నవ్వాను. "సూడవే, గాలికి రేకు గూడ జంగయ్య లెక్కనే కొడ్తుంది" అన్నాను. పెంటమ్మ బయటికి చూసి, "గాలి యాడుంది? ఆకు గూడ కదుల్తలేదు. జర పోయి సూడరాదు" అంది. "నాకు జెప్తవా? నాల్గేండ్లు ఆడ పని జేసినోన్ని. తిననియ్యి" అని కసిరాను. తిన్నాను. చెయ్యి కడుక్కున్నాను. కాసేపు పడుకున్నాను. సాయంత్రం 4 గంటల ప్రాంతంలో మళ్లీ వినిపించింది. ఈసారి రెండే దెబ్బలు. ఆ తర్వాత వినిపించలేదు.

డిసెంబరు 13, గురువారం, ఉదయం 8 గంటలకు బాలనాగమ్మ ఇద్దరు స్వాములను వెంటబెట్టుకొని వచ్చింది. జంగయ్య మంగళవారం నుంచి పీఠానికి రాలేదట. మాలలో ఉన్న మనిషి ఇంటికి రాకపోతే పీఠంలో ఉన్నాడని ఆమె అనుకుంది. పీఠంలో కనబడకపోతే ఇంట్లో ఏదో పని పడిందని వాళ్లు అనుకున్నారు. "అన్నా, స్వామి నీ కాడికే వస్తనని పోయిండట గద, ఏడి?" అని అడిగింది. నాకు ఆమె కాళ్లు కనిపించాయి, చెప్పులున్నాయి. పక్కన ఇద్దరు స్వాముల కాళ్లు కనిపించాయి, చెప్పులు లేవు. అప్పుడు తట్టింది. తాళంచెవి మొలతాడు నుంచి ఊడి రాలేదు, మొలతాడే తెంపాను.

తలుపు తీసింది 8 గంటల 15 నిమిషాలకు. పైన రెండో అంతస్తు పలక ఒకటి విరిగి ఉంది. జంగయ్య తొట్టి గట్టు మీద, పైపు పక్కన పడి ఉన్నాడు. కుడి కాలు తొడ దగ్గర విరిగింది. తొట్టిలో పడి, నీళ్లలోంచి గట్టు దాకా పాకినట్టు పాచి మీద చార ఉంది. చేతిలో ఇనుప బోల్టు ఉంది. పైపు మీద అరచేయంత మేర తుప్పు రాలి ఇనుము మెరుస్తోంది. మీరు దొంగ సొత్తు అని రాసింది ఆ బోల్టునే. వనపర్తి దవాఖానలో డాక్టరు గారు, బుధవారం సాయంత్రం దాకా ప్రాణం ఉండి ఉంటుందని అన్నారు.

నిన్న శుక్రవారం సాయంత్రం 4 గంటలకు కంపెనీ మేనేజరు ఫకీర్ ఫోన్‌కు చేసి నన్ను పిలిపించాడు. మంగళవారం నువ్వు సెలవులో ఉన్నానని చెప్పు, సార్లు రాలేదని చెప్పు, నీ ఉద్యోగానికి ఢోకా లేదు అన్నాడు. ఏం ఉద్యోగం? నా చేనుకు నేనే కాపలా ఉన్నాను, మూడేళ్లుగా పాడుబడిన కొంపకు తాళం వేస్తూ ఉన్నాను. సార్లు వచ్చారు. ఫోటోలు తీశారు. ఆ ఫోటోల్లో జంగయ్య ఉంటాడు, తెప్పించి చూడండి. నన్ను జైల్లో వేసేదుంటే వేయండి. దొంగ అన్న మాట మాత్రం కొట్టేయండి. నా చెల్లెలు ఆ ఊళ్లో బతకాలి.

ఇంకొకటి ఉంది. నిన్న మధ్యాహ్నం దహనం అయ్యాక బాలనాగమ్మ నన్ను పక్కకు పిలిచింది. ఏడవలేదు. "అన్నా, ఆయన పైపు కొట్టిండంట గద. నీ రూముకు ఇనరాలేదా?" అని అడిగింది. "ఇనరాలేదు చెల్లె" అన్నాను. పెంటమ్మ పక్కనే ఉంది. నా మొహం చూసింది. అప్పటి నుంచి నాకు అన్నం పెడుతోంది, నాతో మాట్లాడటం లేదు.

రైటర్ గారు ఇదంతా నాకు రెండుసార్లు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఎవరి బలవంతమూ లేకుండా, తెలివిలో ఉండి చెప్పించాను. బాలనాగమ్మకు కూడా చదువు రాదు. ఎవరినైనా పంపి దీన్ని ఆమెకు చదివించండి, నా నోటితో నేను చెప్పలేను. ఈ కాగితంలో ఉన్నది నిజం. నా చెల్లెలికి చెప్పింది అబద్ధం. నాకు వినిపించింది.

కురుమూర్తి, ఎడమ చేతి బొటనవేలి ముద్ర