ఉప్పెక్కువైన కిమ్చీ, మేంగ్ హ్యేరాన్ గారి ఇరవై ఆరేళ్లు

1999 మార్చి రెండవ తేదీన దక్షిణ కొరియా మొక్‌పో నగరంలోని మా కుటుంబ సలహా కేంద్రంలో శ్రీమతి మేంగ్ హ్యేరాన్ గారు బాధ్యతలు స్వీకరించారు. ఇంట్లో భార్యపై చేయిచేసుకుని, న్యాయస్థానం ఆదేశంపై వచ్చే మగవారికి నడవడి నేర్పే ఆ కొలువు అప్పట్లో ఎవరికీ అక్కరలేనిది. "కొట్టేవాళ్లకి టీలు పోసి పాఠాలేమిటమ్మా, విడ్డూరం కాకపోతే!" అని సొంత అత్తగారే దెప్పారట. "వాళ్లు మారకపోతే దెబ్బలు తినే ఆవిడ ఎంత దూరమని పారిపోతుంది అత్తయ్యా?" అని నవ్వుతూనే బదులిచ్చి, మరునాడు అందరికంటే ముందే హాజరయ్యారు.

తొలుత బోధకురాలిగా, అటుపై విభాగాధిపతిగా వారు పదవీ విరమణ దాకా పాటించిన నియమమొక్కటే: మగవారి ఒట్లను నమ్మక, వారి భార్యలను విడిగా పలకరించి క్షేమం తెలుసుకోవడం. "మొగుడి మొహం వైపు బెదురుగా చూడకుండా ఆవిడ అతని తప్పు ఎంచగలిగిన రోజునే నా పాఠం వంటబట్టినట్టు" అనేవారు.

ఊరంతా చలికాలానికి క్యాబేజీ ఊరగాయ, అదే కిమ్చీ, పెట్టుకునే రోజుల్లో, తమ తరగతి మగవారిచేతనే కేంద్రం పెరట్లో కిమ్చీ పెట్టించడం వారి ఆనవాయితీ. కిమ్చీలో ఉప్పెక్కువైందని భార్య సొన్‌హీ గారి మీదికి గిన్నె విసిరిన పడవ ఇంజన్ల మెకానిక్ బోంగ్ థేసిక్ గారు ఒక ఏడాది ఆ బృందంలో ఉన్నారు. ఆయన క్యాబేజీకి ఉప్పు పట్టించి వెళ్లగా, ఉప్పు వేశారా అని ఒక్క మాట అడిగితే పరువు పోతుందనుకున్న మరొకాయన వచ్చి మళ్లీ పట్టించారు. తయారైన కిమ్చీ ఎవరికీ గొంతు దిగలేదు.

"థేసిక్ గారూ, ఇప్పుడీ గిన్నె ఎవరి మీద విసురుతారు?" అన్నారు హ్యేరాన్ గారు.

అందరూ గొల్లుమన్నారు. థేసిక్ గారు మాత్రం తలెత్తలేదు. సాయంత్రం ఒక జాడీతో వచ్చి, "టీచర్ గారూ, ఇది మా ఆవిడకిచ్చి నేను మారిపోయానని చెప్పండి" అని బతిమాలారు.

"మీ పశ్చాత్తాపం ఆవిడెందుకు తినాలండీ? మీరు పెట్టింది మీరే తినండి."

ఆ చలికాలమంతా ఆయన అదే తిన్నారు. అక్కగారింట తలదాచుకున్న సొన్‌హీ గారు చాలాకాలం వేచి చూసి, ఎవరి బలవంతమూ లేకుండా తమంతట తామే తిరిగి వచ్చారు.

మొన్న శనివారం హ్యేరాన్ గారి వీడ్కోలు విందుకు ఆ దంపతులిద్దరూ విచ్చేశారు. థేసిక్ గారు స్వయంగా పెట్టి తెచ్చిన కిమ్చీని సొన్‌హీ గారు ఒక ముక్క నోట వేసుకున్నారు.

"అబ్బ! ఏమయ్యా, ఉప్పు కషాయం!" అని పదిమందిలో అనేశారు, భర్త మొహం వైపైనా చూడకుండా.

మాకందరికీ ముద్ద నోట్లోనే ఆగింది.

"అవునే, ఈసారీ ఎక్కువేశాను" అని నవ్వుతూ థేసిక్ గారు మంచినీళ్లు తేవడానికి లేచారు. హ్యేరాన్ గారు కళ్లు తుడుచుకుని, ఆ కిమ్చీయే ఇంకాస్త వడ్డించమన్నారు.

వారు ఆయురారోగ్యాలతో నూరేళ్లు వర్ధిల్లాలని, ఉప్పు మానమని ఏ వైద్యుడూ వారికి చెప్పకూడదని, ఏటా ఈ పెరట్లోకి వచ్చి మా కిమ్చీకి వంకలు పెడుతూనే ఉండాలని మనసారా కోరుకుంటున్నాము.