అడ్డకట్ట కింద

రొయ్యల చెరువులు చచ్చిపోయి, ఊరి పొలాల్లో ఉప్పు తేలిన రోజులు. సముద్రంలోంచి చేపలెక్కి వచ్చే పాయకి అడ్డంగా తొమ్మిదేళ్ల కిందట వేసిన మట్టికట్టని, చందాల డబ్బుతో తెచ్చిన పొక్లెయిన్ తవ్వుతోంది. గట్టు మీద చేపలమ్ముకునే సంపూర్ణమ్మ, ఆ చందాలు పోగుచేసిన లూథరన్ బడి మాస్టారు రాజరత్నం నిలబడి ఉన్నారు. మిషను మోతకి నేల అదురుతోంది గానీ, సంపూర్ణమ్మ చూపు బకెట్టు మీంచి కదలడం లేదు.

“నెమ్మదిగా తవ్వమనండి మాస్టారూ. మీకు దణ్ణం పెడతాను, నెమ్మదిగా తవ్వమనండి.”

“ఇందాకట్నించీ అదే మాట. సముద్రం పోటు ఎక్కేలోగా తవ్వకపోతే మిషను బురదలో దిగిపోతుందమ్మా. డ్రైవరు బుల్లియ్య చెప్పాడు కదా, నువ్వూ విన్నావు.”

“ఎక్కితే ఎక్కనీండి. రేపు తవ్వుకోవచ్చు.”

“రేపు ఈ మిషను మనది కాదు సంపూర్ణమ్మా. ఇంకోళ్లు మాట్లాడుకున్నారు. మధ్యాహ్నానికి రాజమండ్రి నించి చందాలిచ్చినవాళ్లు వ్యాన్లో వస్తున్నారు, చేపలు లోపలికెక్కడం కళ్లారా చూద్దామని. ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టుకుంటూ చందా పంపిన ఆశాజ్యోతి కూడా పని మానుకుని వస్తోంది. వాళ్లకి మట్టిగుట్ట చూపించమంటావా?”

“అది కాదండి... ఆ బకెట్టుకి అంతంత పళ్లెందుకండీ?”

“మట్టి తవ్వడానికి. ఏంటమ్మా నీ భయం? బంగార్రాజు గారి మనుషులొచ్చి పడతారనా?”

“ఆయ్... అదేనండి. వాళ్లే.”

“ఎవరొస్తారు? చెరువులకి తెగులొచ్చి ఆయన దివాలా తీసి ఊరొదిలేశాడు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. కట్ట వేసినాయనే లేకపోతే కట్ట కోసం కర్ర పట్టుకుని ఎవరొస్తారు?”

“అయితే భయం లేదంటారు.”

“లేదంటే లేదు. అలా కూర్చో కాసేపు.”

“కూర్చోలేనండి... బుల్లియ్యా! తమ్ముడూ! ఆగు! ఆగాగు! ఏంటది తెల్లగా?”

“ఏదక్కా?”

“అదిగో, బకెట్లోంచి వేలాడుతోంది!”

“యూరియా గోనె అక్కా. కట్ట నిండా మట్టి బస్తాలే. ఇలా గుప్పెడు మట్టికోసారి ఆపమంటే పొద్దుగూకినా అవ్వదు.”

“ఆ బస్తా విప్పి చూడు.”

“మట్టక్కా. మట్టి బస్తాలో మట్టి కాక ఇంకేముంటాది?”

“విప్పి చూడవయ్యా బాబూ!”

“ఇదిగో, చూస్కో. మట్టి. నల్లమట్టి. సరేనా?”

“సరే... సరే, కానీయ్. నెమ్మదిగా.”

“సంపూర్ణమ్మా, ఇటు తిరుగు. నా మొహం చూసి చెప్పు. దేనికోసం వెతుకుతున్నావు?”

“ఏం లేదండి.”

“మొదటి చందా నీది. చెవుల దిద్దులు తీసి నా చేతిలో పెట్టావు. ‘పండుగప్ప పిల్లలు లోపలికొచ్చి పెరగడానికి దారి లేదు మాస్టారూ, కొయ్యింగ చేపలు కట్టకి కొట్టుకుని చస్తున్నాయి, ఈ అడ్డు తీయించండి’ అన్నావు. నువ్వన్న మాటే పట్టుకుని కాకినాడ దాకా గుమ్మం గుమ్మం ఎక్కాను. చర్చిలో కానుకల సంచి తిప్పించాను. తీరా కట్ట తవ్వుతుంటే నీ ఒళ్లు కోస్తున్నట్టు అల్లాడిపోతున్నావు.”

“చేపల కోసమేనండి. చేపలు రావాలి కదండి.”

“అంతేనా?”

“అంతేనండి.”

“సంపూర్ణమ్మా!”

“...అంతే కాదండి. మీరు అరవనంటే చెప్తాను.”

“అరవను. చెప్పు.”

“మా ఆయన దీంట్లో ఉన్నాడనుకుంటున్నానండి.”

“దీంట్లో అంటే?”

“ఈ కట్టలో.”

“ఏంటి! సత్తిరాజా?”

“అరవనన్నారు కదండీ. కట్టకి ఆఖర్న మిగిలిన గండి పూడ్చిన రాత్రే కదండీ ఆయన కనపడకుండా పోయింది. సాయంత్రం అన్నం తిన్నాడు. నిద్దరోతున్న మా పాప బేబిని ముద్దెట్టుకున్నాడు, వేటకెళ్లేప్పుడు ఎన్నడూ అలా చేసే మనిషి కాదు. ‘గండి పూడ్చనిస్తానా, చూస్తానుండు వాళ్ల సంగతి’ అని నావేసుకుని వెళ్లాడు. తెల్లారేసరికి గండి పూడిపోయింది. మనిషి లేడు. నావా లేదు.”

“గండి దగ్గర అడ్డుపడ్డానికి వెళ్లి సముద్రంలో పోయాడని కదమ్మా ఊరంతా అంది?”

“ఊరంది. నేననలేదు. బంగార్రాజు మనుషులు కొట్టి చంపి, మట్టిలో కప్పెట్టేశారని నా మనసుకి ఆవేళే అనిపించింది. పోలీసులకి చెప్తే నా మాట మీద కట్ట తవ్వుతారా అండీ? అందుకని...”

“అందుకని మాచేత తవ్వించావు.”

“తప్పేనండి. మీ కాళ్లు పట్టుకుంటాను.”

“లే, లే. ఓరి నాయనో, ఎంత పని చేశావమ్మా! శవం బయటపడితే జవాబు చెప్పుకోవాల్సింది మనమే. ముందిది ఆపాలి. స్టేషన్లో చెప్పాలి. బుల్లియ్యా! ఓయ్ బుల్లియ్యా!”

“వద్దండి! ఆపొద్దండి! ఇప్పుడాపితే మళ్లీ నాకోసం ఎవరు తవ్విస్తారు? బొట్టు ఉంచుకోవాలో తుడిచేసుకోవాలో తెలీక ఇన్నేళ్లూ అద్దం చూసుకోవాలంటే గుండె దడగా ఉండేదండీ. ఎముకైనా, గుడ్డపేలికైనా, ఏదో ఒకటి తేలిపోనివ్వండి.”

“సరే, ఆపించను. చూడకూడనిది బయటపడితే తట్టుకోగలవా?”

“భయంగా ఉంది మాస్టారూ. చాలా భయంగా ఉంది.”

“నాకు మాత్రం లేదా? శవం తేలితే, గట్టు మీద ఆ బ్యానరు చూసి నాకు ముందే తెలుసంటారు. ‘చేపల దారి కోసం ప్రాణమిచ్చిన సత్తిరాజు’ అని అంతంత అక్షరాలతో రాయించానే. నిజం చెప్పొద్దూ, చేపలకోసమని అడిగినన్నాళ్లూ నవ్వి పంపించేశారు జనం. పేపర్లో ఆయన కథ పడ్డాకే కదా చేతులు జేబుల్లోకి వెళ్లాయి.”

“రాసేముందు మీరు నన్నడిగారు. ఔనన్నాను. బేబిని కూడా అదే చెప్పి పెంచానండి. మీ నాన్న ఒక్కడూ ఈ కట్టకి ఎదురు నిలబడ్డాడమ్మా అని. బళ్లో వ్యాసం కూడా రాసింది.”

“తెలుసు. నేనే దిద్దాను.”

“మాస్టారండీ! అక్కా! ఇటొకసారి రండి!”

“ఏంటి బుల్లియ్యా?”

“బకెట్టు దేనికో తగిలిందండి. పెద్ద చెక్క. లాగితే రావట్లేదు.”

“లాగకు! లాగకు తమ్ముడూ! పళ్లు దిగితే ముక్కలైపోద్ది! మిషను ఆపు!”

“ఆపేశానక్కా! నువ్వు దిగకు! బురద, నడుం దాకా కూరుకుపోతావు!”

“సంపూర్ణమ్మా! ఆగమ్మా! చెప్తే వినవేం!”

“నావండి! మాస్టారూ, నావ! నీలంరంగు. మా నావే. మా నావేనండీ ఇది!”

“చెయ్యి అందుకో. ముందు నా చెయ్యి అందుకో.”

“లోపల చూడమనండి. నేను చూడలేను. బుల్లియ్యా, నువ్వు చూడు నాయనా. నేను కళ్లు మూసుకుంటాను.”

“అడ్డంగా పడుకోబెట్టినట్టుందండీ. నిండా బస్తాలే. ఒక్కోటీ తీస్తున్నాను.”

“ప్రభువా, కాపాడు తండ్రీ. మెల్లిగా తియ్యి బుల్లియ్యా.”

“ఏం కనపడింది?”

“బస్తానే అక్కా.”

“ఇప్పుడో?”

“బస్తానే.”

“ఇంకా? ఏం కనపడిందో చెప్పు!”

“ఇంకేం లేదక్కా. అడుగుచెక్క తగిలింది. లోపల ఎవరూ లేరు.”

“నావ కింద?”

“తొంగి చూశానక్కా. పార పెట్టి గుచ్చి కూడా చూశాను. బురద కింద గట్టినేల. ఎవరూ తవ్వి పూడ్చింది కాదు. మనిషి లేడక్కా.”

“విన్నావా? కళ్లు తెరువు. దేవుడు దయ చూపించాడు. లేడంట.”

“మరి మా నావ ఇక్కడెందుకుందండీ?”

“గండి పూడ్చడానికి. గోదారి గట్టు తెగినప్పుడు నేనూ చూశాను. నీళ్ల వడికి ఎంత మట్టి పోసినా నిలవదు. అప్పుడు నావ నిండా బస్తాలేసి గండికి అడ్డంగా ముంచుతారు. దాని మీద పోసిన మట్టి నిలబడుతుంది. ఆ రాత్రి సత్తిరాజు నావ లాక్కుని ఆ పనే చేశారన్నమాట దుర్మార్గులు.”

“లాక్కున్నారంటారా?”

“మరి కాదా? ఏంటలా తడుముతున్నావు? నావ కొమ్ము దగ్గర ఏముంది?”

“బిళ్ల లేదండి.”

“ఏ బిళ్ల?”

“మా అత్తారింట్లో కొత్త నావ నీళ్లలోకి దింపేప్పుడు ఇంటి కోడలి చేత వెండి బిళ్ల పెట్టించి, కొమ్ముకి మేకులతో కొడతారండి. నా మెట్టెలు కరిగించి చేయించాడు ఆయన. ఆ నావని ఇంకోళ్ల చేతికిచ్చేసేటప్పుడే, నావగలాయన తన చేత్తో బిళ్ల తీసుకుంటాడు. మామూలప్పుడు ముట్టుకోరు.”

“వెండి కదా, ఎవడో పీక్కుపోయి ఉంటాడు.”

“పీకితే చెక్క పెచ్చులేస్తుందండి. ఇదిగో, మీ వేలు పెట్టి చూడండి. ఉలితో ఒద్దికగా తీశారు. తీసి, మేకుల చిల్లుల్లో గుగ్గిలం పూశారు, నీళ్లు దిగకుండా. ఆ రాత్రే ముంచేసే నావకి గుగ్గిలం ఎందుకండీ? చెయ్యి ఊరుకోక పూశాడు. నావని సొంత బిడ్డలా చూసుకునే చెయ్యి అది. మా ఆయన చెయ్యి.”

“తొందరపడకమ్మా. కత్తి చూపించి బలవంతాన చేయించి ఉండొచ్చు.”

“కత్తి పట్టుకున్నోడు గుగ్గిలం కాగేదాకా ఆగుతాడా అండీ?”





“ఆగడు.”

“నావమ్మేశాడండి. గండి పూడ్చనివ్వనని నాతో చెప్పి, గండి పూడ్చడానికే నావమ్మేశాడు. డబ్బూ, నా వెండీ పట్టుకుని ఎటో వెళ్లిపోయాడు.”

“మాస్టారండీ, పోటు తగిలింది! నీళ్లొచ్చేస్తున్నాయండి! నావ అడ్డముంటే పాయ తెరుచుకోదు. ఏం చెయ్యమంటారు?”

“ఉండవయ్యా, నాకు బుర్ర పనిచెయ్యట్లేదు. సంపూర్ణమ్మా, నీ నావ. నువ్వే చెప్పు.”

“పగలగొట్టు తమ్ముడూ.”

“చెక్క గట్టిగానే ఉందక్కా. గొలుసేసి పైకి లాగితే పనికొస్తాది.”

“నాకేం పనికిరాదు. పగలగొట్టు.”

“ఆయ్. పైకెక్కండి ఇద్దరూ. గట్టు మీదకి వెళ్లిపోండి.”

“రా అమ్మా, నా భుజం పట్టుకో. అయ్యో, అదిగో రోడ్డు మీద దుమ్ము. వ్యాను అప్పుడే వచ్చేస్తోంది! బ్యానరు కట్టేసే ఉంది. వాళ్లకేం చెప్పను నేను?”

“ముందెళ్లి బ్యానరు విప్పేయండి.”

“విప్పితే అడుగుతారు కదా. ఆయన పేరు చూసే కదా ఇచ్చారు వాళ్లంతా.”

“అడిగితే నా దగ్గరికి పంపండి, నేను చెప్పుకుంటాను. అటు చూడండి, నావ విరిగి పాయ తెరుచుకుంది, కొయ్యింగలు. గంతులేసుకుంటూ ఎక్కేస్తున్నాయి. వాళ్ల డబ్బు వృథా పోలేదు. దారి తెరిచాం కదండి, అదే చూపించండి.”

“చేపల సంగతి సరే, నీ సంగతి? ఊరుకో, ఏడవకమ్మా. ఎలాంటివాడైతేనేం, ఎక్కడో ఒకచోట బతికున్నాడు. అదొక ధైర్యం కదా. ఇన్నాళ్ల భయం తీరిపోయింది కదా.”

“తీరలేదండి. ఇన్నాళ్లూ ఊళ్లోకి బస్సొస్తే దిగుతాడేమోనని గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. ఇకనించి బస్సు చప్పుడైతే చాలు, బేబిని లోపలికి పిలిచి తలుపు గడియ పెట్టుకోవాలండి.”