సామాన్ల గదిలో ప్రార్థన

సామాన్ల గదిలో ఒంటరిగా ప్రార్థించి బయటికి వచ్చిన సంఘపెద్దను, ఆసుపత్రిలో ఉన్న కూతురి కోసం బట్టలు సర్దుతున్న భార్య ఆపింది.

"ఏమండీ, లోపల ఇంకెవరైనా ఉన్నారా?"

"ఎవరుంటారు? నేనొక్కణ్ణే."

"మరి 'ఇక్కడ కూడుకున్న మేమందరం' అంటున్నారు? విరిగిన కుర్చీ, పాత బకెట్లూ సంఘంలో చేరాయా?"

"ఎగతాళి చెయ్యకు. ఆదివారం చర్చిలో చేయించే అలవాటు, నోరు దానంతటదే తిరుగుతుంది."

"అందరి పిల్లల కోసమూ అడిగారు. రేపు ఆపరేషనున్న మన పిల్ల పేరు మాత్రం వినబడలేదు."

"నోట రాలేదే."

"అదేంటండీ!"

"పెద్దాడు జబ్బుపడ్డప్పుడు దేవుణ్ణి నా సొంత మాటల్లో అడిగాను. వాణ్ణి మట్టిలో పెట్టి వచ్చాం. అప్పట్నుంచి ఆయన ముందు ఒక్కణ్ణే నిలబడాలంటే భయం. అందుకే నలుగురి మాటల వెనక దాక్కుంటున్నాను. మళ్ళీ అడిగితే, మళ్ళీ అదే జవాబొస్తే?"

"నేనూ అప్పుడే అడగడం మానేశానండీ. మీరు అడుగుతున్నారు కదా అన్న ధైర్యంతో ఉన్నాను."

"అయితే మన పిల్ల కోసం ఎవరమూ అడగలేదన్నమాట."

"లేదు."

"ఆ బట్టల్లోంచి దాని గౌను ఒకటి ఇలా ఇవ్వు."

"ఎక్కడికి?"

"లోపలికే. పేరు నోట రాకపోతే, ఆయనకి ఇదైనా చూపిస్తాను."